రెండో రెగ్యులేటర్ ఎవరి కోసం?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నేను మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం ‘మంచి ఆక్టోపస్‌ని ఎంచుకోవడం ఎలా’. అంటే స్కూబా డైవర్ తన నోట్లో ఉండే రెగ్యులేటర్‌కి తోడుగా, బడ్డీకి, అంటే జంటగా దిగిన తోడు డైవర్‌కి గాలి అయిపోతే ఇవ్వడానికి ఉంచుకునే రెండో రెగ్యులేటర్. కాగితం మీద మూడు భాగాలుగా రాసుకొచ్చాను కూడా. లోపలికి వస్తుంటే ఒక కుర్రాడు ఆపి, “సార్, ఆక్టోపస్ బడ్డీకే కదా, చవకది చాలదా?” అన్నాడు. దాంతో ఆ కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

తప్పు ఆ అబ్బాయిది కాదు. అమ్మేవాళ్లే అలా చెబుతారు. నేను కొన్నచోటా “ఎప్పుడో గానీ వాడరు సార్” అన్నారు. ఆ ఎప్పుడో కోసమే కదా కొంటున్నది!

గాలి అయిపోయిన మనిషి మీ ఆక్టోపస్ పసుపు హోస్ ఎక్కడుందా అని వెతకడు. మీ నోట్లో ఉన్నదాన్ని లాక్కుంటాడు. అది పనిచేస్తోందని బుడగలు చెబుతున్నాయి మరి. అప్పుడు ఆ చవకది మిగిలేది మీకే.

నా కళ్లెదుట జరిగింది చెబుతాను. మా ముందు ఈదుతున్న జంటలో ఒకాయన ఆక్టోపస్ క్లిప్పు ఊడి, ఇసుకలో ఈడ్చుకుపోతోంది. నేను సైగ చేసేలోపే ఆయన బడ్డీకి గాలి ఆగింది. బడ్డీ వచ్చి ఆయన నోట్లోది అందుకున్నాడు. ఈయన చంక కింద తడుముకుని హోస్ పట్టుకున్నాడు, నోట్లో పెట్టుకున్నాడు, పీల్చాడు. నీళ్లొచ్చాయి! మౌత్‌పీస్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ట్యాగ్ తెగి, మౌత్‌పీస్ సగం ఊడి ఉంది. నాది ఇచ్చాను, అందరం క్షేమంగా పైకొచ్చాం. పడవ ఎక్కాక ఆయన, “మొన్ననే సర్వీసింగ్ చేయించానండీ” అంటున్నాడు. చేయించాడు, నిజమే. సర్వీసు చేసినవాళ్లు సిలిండర్‌కి బిగించే ఫస్ట్ స్టేజ్, నోట్లో పెట్టుకునే మెయిన్ సెకండ్ స్టేజ్ మాత్రమే విప్పారు. ఆక్టోపస్‌ని ముట్టుకోలేదు. బిల్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. నా కోపం అదీ.

ఒకసారి చేతులెత్తండి. పోయిన డైవ్‌లో ఎంతమంది నీళ్లలో ఆక్టోపస్‌తో నాలుగు ఊపిర్లు పీల్చి చూశారు? ఒడ్డున గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కితే లెక్కలోకి రాదు. ...సరే, దించేయండి. చూశాను.

అందుకే నేను చెప్పేది, మెయిన్‌కి ఎంత పెడతారో రెండోదానికీ అంత పెట్టండి. అనవసరంగా గాలి వదలకుండా కొంచెం బిగువుగా సెట్ చేయొచ్చు, కానీ పీల్చడానికి కష్టపడేంత బిగువు వద్దు. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 గుర్తు పక్కన ‘ఏ’ అక్షరం ఉందేమో చూడండి. ఆ సెట్ మీద ఇద్దరు ఒకేసారి పీల్చేలా పరీక్షించారని అర్థం. ‘10 డిగ్రీలకు పైన’ అని రాసి ఉంటే దాన్ని చల్లటి నీళ్లలోకి తీసుకెళ్లకండి, గడ్డకట్టి గాలి ఆగకుండా పోతూనే ఉంటుంది.

ఇక అమరిక. ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసేవాళ్లు దీన్ని ఎప్పుడో తేల్చేశారు. నోట్లోదానికి దాదాపు 2 మీటర్ల హోస్, అదే ఇచ్చేస్తారు. ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు రావాలి కాబట్టి అంత పొడవు. రెండోది మెడలో సాగే బంగీ తాడుకి, గడ్డం కిందే ఉంటుంది. విలియం హొగార్త్ మెయిన్ అనే గుహ డైవర్ పేరు మీద దీన్ని హొగార్థియన్ అంటారు. బయటి సముద్రంలో మనకి మీటరున్నర చాలు. జాకెట్‌లో గాలి నింపి, వదిలే ఇన్‌ఫ్లేటర్‌లోనే రెండో రెగ్యులేటర్ కలిసి ఉండే రకం నాకు నచ్చదు. ఒక హోస్ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ దాంతో డైవ్ చేసినా నోట్లోదే ఇవ్వాలి కదా? చాలామంది మెయిన్‌కి పాత పొట్టి హోస్‌నే ఉంచేస్తారు. ఇద్దరి ముఖాలూ రాసుకుంటుంటే, ఊపిరి పీలుస్తున్న ఇన్‌ఫ్లేటర్‌తోనే జాకెట్‌లోని గాలి వదులుతూ పైకి రావాలి. ఎందుకొచ్చిన అవస్థ?

అయినా ఒక కుళాయికి బదులు రెండు పెట్టినంత మాత్రాన నీళ్ల ట్యాంకు రెండవ్వదు. రెండు సెకండ్ స్టేజ్‌లూ ఒకే ఫస్ట్ స్టేజ్ మీద, ఒకే సిలిండర్ మీద ఉన్నాయి. లెక్క వేద్దాం. 30 మీటర్ల లోతులో ఒత్తిడి 4 బార్, అంటే నీటిపైన ఉన్నదానికి నాలుగు రెట్లు. కంగారులో ఉన్న మనిషి నీటిపైన నిమిషానికి 30 లీటర్లు పీల్చేవాడైతే అక్కడ అది 120. ఒక నిమిషం తేరుకుని, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకొస్తూ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగితే ఒక్కొక్కరికి సుమారు 500 లీటర్లు. ఇద్దరికి 1000. మీ 12 లీటర్ల సిలిండర్‌లో 50 బార్ మిగిలితే ఉన్నది 600! 50 బార్ రిజర్వు చాలని నేర్పినవాళ్లు ఈ లెక్క వేశారా?

లోతుగా వెళ్లేవాళ్లకి, బడ్డీ దూరమైపోయే అలవాటున్న ఫోటోగ్రాఫర్లకి నేను వేరే ఫస్ట్ స్టేజ్ ఉన్న 3 లీటర్ల పోనీ బాటిలే, అంటే అదనపు చిన్న సిలిండరే చెబుతాను. 200 బార్ నింపితే 600 లీటర్లు, ఒకరికి సరిపోతుంది. చేతిలో ఇమిడే, 85 లీటర్ల గాలి పట్టే సీసాలు 30 మీటర్ల దగ్గర నిమిషం కూడా రావు. పోనీ కట్టుకున్నాక దాని గేజ్‌ని కూడా డైవ్‌కి ముందు చూడాలి. దాని మౌత్‌పీస్ చేతికి తగిలితేనే మెయిన్‌ది కాదని తెలిసేలా వేరే రకం పెట్టండి.

టైమైపోయిందని చీటీ పంపారు. సెట్ తెచ్చుకున్నవాళ్లు ఇటు ముందుకి రండి, ముందు ఆ ట్యాగులు చూద్దాం.