కింది గొంతు

శ్రోతలకు నమస్కారం.

ఉగాదికి ముందు ఇల్లు దులిపిస్తుంటే అటక మీది ట్రంకుపెట్టెలో ఒక పాత సంగీత స్వరాల పుస్తకం బయటపడింది. జర్మన్ సంగీతకర్త బాఖ్ ఒంటి ఫిడేలుకి రాసిన 'షకోన్' అనే ముక్క. 1720 నాటిది. పక్కన మృదంగం లేదు, వెనక తంబురా లేదు, దాదాపు పావుగంట ఫిడేలు ఒక్కటే. లండన్‌లో చదువుకునేటప్పుడు రెండేళ్ళు దాంతోనే కుస్తీ పట్టాను. పేజీల నిండా మా టీచరమ్మ పెన్సిలు రాతలు. ఒకచోట మూడు చుట్లు చుట్టి 'తొందరపడకు' అని రాసింది. ఆ చోటు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

నెల్లూరికి తిరిగొచ్చాక ఇన్నేళ్ళూ నాది కర్ణాటక సంగీతమే. మూలాపేటలో చాప మీద కూర్చుని, ఫిడేలు తల చీలమండకి ఆనించి పిల్లలకి వర్ణాలు, అంటే సాధన పాఠాలు, చెప్పుకుంటున్నాను. మన తీగల శ్రుతి స ప స ప. బాఖ్‌కి అట్లా కుదరదు, పై తీగని బాగా ఎక్కించాలి. బిరడా తిప్పీ తిప్పంగానే టప్పున తెగి చెంప మీద కొట్టింది. ఇన్నేళ్ళు పలకరించకపోతే కొట్టదూ మరి!

కొత్త తీగ వేసి, లేచి నిలబడి, గడ్డం కింద ఫిడేలు పెట్టుకున్నాను. చెయ్యి దానంతటదే పోయింది. ఆశ్చర్యపోయాను. ఆ చుట్టు చుట్టిన చోటుకొచ్చేసరికి, అచ్చం అప్పటిలాగే పరుగెత్తింది.

వసారాలో చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మ అంది: "ఏందబ్బయా, ఆయనెవరో అడిగిందే అడుగుతుండాడు. అవతలోళ్ళు జవాబు చెప్పలేదా?"

కమాను ఆపేశాను. అడిగిందే అడగడం. అంతే, షకోన్ అంటే అదే! మూడు దెబ్బల తాళం, మొదటి దెబ్బ వదిలేసి రెండో దెబ్బ మీద ఎత్తుకోవాలి, మన అనాగతం లాగా. నాలుగు ఆవర్తాల మాట ఒకటి, దాన్నే అరవైకి పైగా సార్లు తిప్పి తిప్పి అడుగుతాడు. మన కృతిలో సంగతులు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడటం, పడేటప్పుడు సాహిత్యం కదలదు, పైన స్వరాల నడక మారుతుంది. ఇక్కడ సాహిత్యం లేదు, ఆ పని అడుగున మోగే కింది స్వరాలు చేస్తాయి. బాఖ్ 1750లో పోయాడు, త్యాగయ్య 1767లో పుట్టాడు. ఇద్దర్నీ చుట్టాల్ని చెయ్యాలని నాకేం లేదు. అమ్మ అన్న మాటకి గుర్తొచ్చారు, అంతే.

షకోన్ నాటి ఆ 1720లోనే బాఖ్ పైఊరి నుంచి తిరిగొచ్చేసరికి భార్య పోయింది, అప్పటికే పూడ్చిపెట్టేశారు. ఆ దుఃఖమే ఇది అంటారు. రుజువు లేదు. కుర్రతనంలో ఆ కథ నమ్మి ప్రతి స్వరాన్నీ ఏడిపించాను. పైన ఏడుపు ఎక్కువై కింది గొంతు వినపడలేదు.

అందుకని వారం రోజులు కింది స్వరాలొక్కటే వాయించాను. పైవి ముట్టుకోలేదు. వారం! ఐదో రోజున ఆ పెన్సిలు చుట్టు అర్థమైంది. ముక్క మధ్యలో సాధారణ గాంధారం పోయి, దానికి అరమెట్టు పైనుండే అంతర గాంధారం వస్తుంది. అడుగున షడ్జం మాత్రం అదే. ఇల్లు మారలేదు, కిటికీ తెరిచారు. అక్కడ నేను పరుగెత్తేవాణ్ణి, కిటికీ తెరుచుకునేలోపే!

ఇప్పుడు మా పిల్లలకీ ఇలాంటిదే చెప్తున్నాను. పాత వర్ణం మళ్ళీ తీసేముందు వారం పాటు ఫిడేలు ముట్టుకోకండి. తాళం వేస్తూ స్వరం నోటితో పలకండి. ముందే చేతికి అప్పజెప్పారో, పాఠంతో పాటు పాత తప్పునీ మోసుకొస్తుంది.

స్టూడియో అద్దం అవతల నుంచి రెండు వేళ్ళు చూపిస్తున్నారు, రెండు నిమిషాలే ఉందట. మొత్తం వాయించడం కుదరదు. కింది గొంతు ఒక్కటే వినిపిస్తాను. మొదటి దెబ్బ మీరు వేసుకోండి, రెండోదాని మీద నేను ఎత్తుకుంటాను.