కాలువలు కట్టేశాక వెళ్ళి చూడండి

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్ళు పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైన వాణ్ణండి నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు మూడే ప్రశ్నలు: రేటెంత, ప్యూరిటీ ఎంత, ట్యాంకరు ఎప్పుడొస్తుంది? కెమికల్ ఇంజనీరింగ్ చదివి రేపు ఇదే కుర్చీల్లో కూర్చోబోయే మీకు నాలుగోది కూడా ఉంది. ఈ సరుకు తయారైన చోట నీళ్ళు, గాలి, పనివాళ్ళు ఎలా ఉన్నారు? దీన్నే సప్లయర్ సస్టైనబిలిటీ అంటున్నారు.

ఇదెక్కణ్ణుంచి వచ్చిందో గబగబా చెప్పేస్తాను. 2011లో బీఏఎస్ఎఫ్, బేయర్, హెంకెల్ వగైరా ఆరు కెమికల్ కంపెనీలు కలిసి ‘టుగెదర్ ఫర్ సస్టైనబిలిటీ’ అని ఒక కూటమి పెట్టుకున్నాయి. ఒకే సప్లయర్ని ఆరుగురూ ఆరుసార్లు తనిఖీ చేసే బదులు, ఒకరు చేయించింది అందరూ వాడుకోవచ్చని. వాళ్ళు వాడే, ఎకోవాడిస్ అనే రేటింగ్ సంస్థ చేసే మదింపులో నాలుగు అంశాలు: పర్యావరణం, కార్మికుల హక్కులు, వ్యాపార నీతి, ఆ సప్లయర్ తన సప్లయర్లను ఎలా ఎంచుకుంటున్నాడన్నది. నూటికి మార్కులేస్తారు. ఇక్కడ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సమాజం పట్ల తమ బాధ్యత గురించి చెప్పే బీఆర్ఎస్ఆర్ రిపోర్టు ఇచ్చి తీరాలంది. ఆ పెద్ద కంపెనీల దగ్గర మొదలైన ప్రశ్నాపత్రం మెల్లగా మన కాకినాడ, తణుకు చుట్టుపక్కల చిన్న యూనిట్ల దాకా దిగింది.

ప్రశ్నాపత్రం చెడ్డదని నేననను. కానీ దాన్ని నింపేదెవరు? చాలా చోట్ల కన్సల్టెంటే. ఒకసారి మాకొచ్చిన రెండు జవాబుల్లో అక్షరదోషాలతో సహా అన్నీ ఒకటే. ఒకదాన్లో అయితే పక్క కంపెనీ పేరు చెరపడం కూడా మర్చిపోయారు.

అందుకని నా మాట కాస్త మొరటుగా ఉంటుంది. ఆఫీసులో టీ తాగి రాకండి, ఫ్యాక్టరీ వెనక్కి వెళ్ళండి. అదీ మే నెలలో వెళ్ళండి.

మే నెలే ఎందుకంటే, మన డెల్టాలో కాలువ వేరు, డ్రెయిన్ వేరు. ధవళేశ్వరం నుంచి కాలువ నీళ్ళు తెస్తుంది. చేలు తడిసి మిగిలింది డ్రెయిన్లోకి దిగి సముద్రానికో కొల్లేటికో పోతుంది. పైవాడు వదిలింది కిందవాడు మోటారు పెట్టి రొయ్యల చెరువులోకి తోడుకుంటాడు. ఆగస్టులో ఏ డ్రెయిన్ చూసినా నిండుగా పారుతుంటుంది, ఎవరేం కలిపినా తెలీదు. వేసవిలో కాలువలు కట్టేశాక డ్రెయిన్లో నీరు సన్నగిల్లుతుంది. అప్పుడు ఫ్యాక్టరీ తూము దగ్గర రంగూ వాసనా రెండూ బయటపడతాయి. నీటి వనరుల్లోకి వదిలే నీళ్ళలో లీటరుకి సీఓడీ (మొత్తం మురికిని ఆక్సిజన్ లెక్కలో చెప్పే కొలత) 250 మిల్లీగ్రాములు, బీఓడీ (అందులో సూక్ష్మజీవులు కుళ్ళబెట్టగల భాగం) 30 దాటకూడదన్నది సాధారణ ప్రమాణం. మంచినీళ్ళు కలిపి 250కి దింపితే దాన్ని శుద్ధి అనరండి.

ఈటీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఉందా అని అడగొద్దు, అందరికీ ఉంటుంది. నడుస్తోందా అన్నదే ప్రశ్న. అందులో నీళ్ళలోకి గాలి కొట్టే బ్లోయర్‌కి విడిగా కరెంటు మీటరుందేమో చూడండి. ఉంటే ఆర్నెల్ల రీడింగులు తీసి, ఉత్పత్తి లెక్క పక్కన పెట్టండి. ఉత్పత్తి రెట్టింపైన నెలలో బ్లోయర్ యూనిట్లు కదలకుండా ఉంటే మీకు జవాబు దొరికినట్టే. తర్వాత నీళ్ళలో యాసిడ్ విరగడానికి వేసే సున్నం కొన్న బిల్లులు చూడండి. ఆ తర్వాత బురద ఎక్కడుందో అడగండి. ఈటీపీ నిజంగా నడిస్తే బురద వచ్చి తీరాలి. అది ఎక్కడికో వెళ్ళాలి, వెళ్ళినందుకు బిల్లుండాలి. బురద లేని ఈటీపీ అంటే పొయ్యి వెలిగించకుండా వండిన అన్నం లాంటిది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా ప్లాంటులో వాడేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్ తీసుకెళ్ళడానికి ఒకాయన అందరికంటే తక్కువకు కోట్ చేశాడు. దాన్ని న్యూట్రలైజ్ చేస్తానన్నాడు, అంటే ఆమ్లగుణం పోగొడతానని. రేటు చూసి ఆర్డరు ఇచ్చింది నేనే. కొన్నాళ్ళకి ఒక డ్రెయిన్లో చేపలు తేలాయి. ఆ యాసిడ్ మాదేనని ఎవరూ తేల్చలేదు, కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఫైలు తీసి చూసుకున్నా. ప్రమాదకర వ్యర్థం బయటికి పంపితే దాని వెంట వెళ్ళే పత్రం, మానిఫెస్టు, ఏడు కాపీలు, ఒక్కోటి ఒక్కో రంగు. వాటిలో నీలం కాపీ మీద అవతలివాడు సంతకం పెట్టి మనకి తిప్పి పంపాలి. నా ఫైల్లో ఒక్కటంటే ఒక్క నీలం కాగితం లేదు. చాలా నెలలుగా లేదు, నేను అడగలేదు.

ఇంకో తిరకాసుంది. ఊక కాల్చే బాయిలరు ఉన్న సప్లయరుకి కర్బన లెక్కల్లో మంచి మార్కులు పడతాయి, బొగ్గు కాదు కదా. మన మిల్లుల్లో ధాన్యం బరువులో ఐదో వంతు ఊకే, దానికి లోటు లేదు. అయితే ఆ ఊకలో మళ్ళీ దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. దాన్ని పట్టే ఏర్పాటు సరిగ్గా లేకపోతే పక్క ఊళ్ళో ఆరేసిన చీరల మీద పడుతుంది. స్కోరు కార్డులో ఆ చీరలకు గడి లేదు.

ప్లాంటు ఆగి ఉన్నప్పటి సంగతి కూడా అడగండి. 2020 మే 7న విశాఖలో స్టైరిన్ అనే విషరసాయనం లీకైంది, లాక్‌డౌన్‌లో నిల్వ ఉన్న ట్యాంకు నుంచే.

ఇదంతా అడిగాక సప్లయరు మనల్ని ఒకటి అడుగుతాడు. ఒక చిన్న యూనిట్ ఓనరు నా మొహం మీదే అడిగాడు: “సార్, అన్నిటికంటే తక్కువ రేటుకి ఇమ్మంటారు, డబ్బులు నాలుగు నెలలకిస్తారు. ఆ బ్లోయర్ కరెంటు బిల్లు నేను ఏ డబ్బుతో కట్టాలండీ?” నా దగ్గర జవాబు లేదు. చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టమే చెబుతోంది. గడువు దాటిస్తే ఆ ఖర్చును డబ్బు కట్టిన ఏడాది ఆదాయపు పన్ను లెక్కలోనే చూపుకోవాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. సప్లయరుకి మార్కులేసే షీటులో మనం ఎన్ని రోజులకి డబ్బిచ్చామో ఒక గడి ఉండాలని నేను అప్పటి నుంచీ పోరాడాను. ఫైనాన్స్ వాళ్ళకి అస్సలు నచ్చలేదు.

చివరికి నాలుగు యూనిట్లతో ఒక ఏర్పాటు కుదుర్చుకున్నాం. బిల్లుతో పాటు ఆ నెల ఈటీపీ మీటరు ఫొటో పంపితే ముప్పై రోజుల్లో డబ్బు. ముగ్గురు పంపారు. నాలుగో ఆయన తర్వాత మాకు కొటేషనే ఇవ్వలేదు.