తెల్లవి 21, నల్లవి 7

వేదిక మీది పెద్దలకు, సమాఖ్య అధ్యక్షురాలికి, కల్యాణదుర్గం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూలి మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం. అందరి పేర్లూ చదవమని ఒక కాగితం ఇచ్చినారు. చదివితే పావుగంట దానికే పోతుంది. సాయంత్రం బస్సు తప్పితే మీలో సగం మందికి ఆటోనే గతి. అందుకని కాగితం మడిచి పెడుతున్నా. పెద్దలు ఏమీ అనుకోరులే.

కుటుంబ నియంత్రణ పద్ధతుల గురించి పెళ్ళయిన ఆడవాళ్ళకు ఉన్న అవగాహన, వాడకం. ఇదీ నాకిచ్చిన అంశం. ముప్పైయేళ్ళు ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా చేసి దిగిపోయినదాన్ని కాబట్టి పిలిచినారు. ముందు ఈ అట్ట మీ చేతుల్లోకి పంపిస్తున్నా. గర్భం రాకుండా మింగే మాలా-ఎన్ మాత్రలు. చూసి పక్కవాళ్ళకివ్వండి. చివరి దాకా పోవాల. గోడకానుకుని నిలబడిన అన్నల దాకా.

అవగాహన అంటే ఏంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్ళు ఇంటికొచ్చి, ఫలానా పద్ధతి గురించి విన్నారా అని అడుగుతారు. విన్నామంటే తెలిసినట్టే. ఆ లెక్కన పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 99 మందికి ఏదో ఒకటి తెలుసు. ఇంక నేను మాట్లాడేదేముంది, టీ తాగి పోదాం అనిపిస్తుంది కదా?

ఒక ఇంటి సంగతి చెబుతా. నేను పనిలో చేరిన కొత్త. ఇద్దరు బిడ్డల తల్లి, చంకలో చిన్నది. మూడు నెలలకు మూడు అట్టలిచ్చి, రిజిస్టర్లో టిక్కు పెట్టుకుని వచ్చేసినా. మళ్ళీ పోతే నెల తప్పిందంది. నాకు కోపమొచ్చింది. మింగలేదా అని గదమాయించినా. లోపలికి పోయి, ఉప్పు జాడీ వెనకాల దాచిన అట్టలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తెల్లవి 21 అట్లే ఉన్నాయి. నల్లవి ఏడూ లేవు. మూడు అట్టల్లోనూ అంతే.

“తెల్లవి మింగితే తల తిరుగుతాది నర్సమ్మా. నల్లవి రగతానికి మంచివని నువ్వే చెప్తివి కదా” అంది.

నిజమే, నేనే చెప్పినా. నల్లవి ఇనుము మాత్రలు. గర్భం ఆపేది తెల్లవి. బహిష్టయిన అయిదో రోజున తెల్లది మొదలుపెట్టి, రోజుకొకటి 21 రోజులు, ఆ తర్వాత నల్లవి ఏడు రోజులు. మొదట్లో తల తిరగొచ్చు, వికారం ఉండొచ్చు, రెండు మూడు నెలల్లో సర్దుకుంటుందనే ఒక్క మాట నేను చెప్పలేదు. ఆ మూడు నెలలూ నా రిజిస్టర్లో ఆమె ‘వాడుతున్న’ మనిషి! పైకి పోయిన లెక్కలోనూ వాడుతున్న మనిషే. మూడో కాన్పు కష్టమై ఆమె ఎంత బాధపడిందో నాకు తెలుసు. ఇన్నేళ్ళయినా ఎవరన్నా అవగాహన అంటే నాకు ఆ ఉప్పు జాడీ కనిపిస్తుంది.

అప్పట్లో మాకు టార్గెట్లుండేవి. 1996లో తీసేసినారు. అంతకు ముందు మార్చి వచ్చిందంటే మాకు నిద్ర ఉండేది కాదు. ఇంతమందికి ఆపరేషన్ చేయించాల. చెప్పేదానికి టైం ఎక్కడిది? దానికి తగ్గట్టే ఉంది ఫలితం. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళు నూటికి 70 మంది దాకా ఆపరేషన్ అయినవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు.

ఎందుకు నవ్వుతారన్నా? ఎమర్జెన్సీలో, 1975-77లో, బలవంతంగా పట్టుకుపోయి చేసినారని మీ నాయనలు భయపడినారు. ఆ భయం న్యాయమే. ఇప్పటి పద్ధతిలో కత్తి కోత లేదు, కుట్టు లేదు. చిన్న రంధ్రం, ఇరవై నిమిషాల్లోపు పని. అదే రోజు ఇంటికి పోవచ్చు. మగతనం పోదు, బలం తగ్గదు. మూడు నెలలు మాత్రం నిరోధ్ వాడాల. మా ఆయన బడిపంతులు. పిల్లలకు సైన్సు చెప్పినాయన. ఇవన్నీ విని, “నాకేమన్నా అయితే ఇల్లెట్ల గడుస్తుంది?” అన్నాడు. నాకేమన్నా అయితే అని నేనడిగితే పేపరు తిప్పినాడు. కడుపు కోయించుకున్నది నేనే. ఆయన ఇప్పుడు ఇంట్లో నిద్రపోతుంటాడు, చెప్పినా పర్వాలేదు.

దారి తప్పినా. వాడకం కదా.

మన జిల్లాలో బెంగళూరు పోయే మగవాళ్ళెంతమందో మీకే బాగా తెలుసు. ఆయన ఊళ్ళో లేడు కదా అని ఆమె మాత్రలు ఆపుతుంది. ఉగాదికి దిగుతాడు. అట్లాంటి ఇంటికి రోజూ మింగే మాత్ర కంటే గర్భసంచిలో పెట్టే కాపర్-టి నయం. పదేళ్ళ రకముంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. కాన్పయిన 48 గంటల్లోపే వేస్తారు. అది గుండెల్లోకి పాకదు తల్లీ, గర్భసంచిలోనే ఉంటుంది. గర్భం రాకుండా వేసే ‘అంతర’ సూది మూడు నెలలకొకటి. దానితో బహిష్టు తప్పుతుంది, చెడు రక్తం లోపల నిలిచిందని భయపడొద్దు. మానేసినాక మళ్ళీ గర్భం నిలవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, అదీ ముందే తెలుసుకోండి. ‘ఛాయ’ అని ఇంకో గర్భం ఆపే మాత్ర ఉంది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి. పాలిచ్చే తల్లి కూడా మింగొచ్చు. ఏది మీకు పడుతుందో బీపీ, మీ ఆరోగ్యం చూసి పీహెచ్‌సీలో చెబుతారు. వీటికి డబ్బులు కట్టే పని లేదు.

ఇంకొకటి. ఆపరేషన్‌కు మొగుడి సంతకం తెమ్మని ఎవరన్నా వెనక్కి పంపితే, అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లోనే ఉందని చెప్పండి. చేయించుకునే మనిషి సంతకం చాలు. మగవాళ్ళకూ అంతే, పెళ్ళాం సంతకం అక్కర్లేదు. కాబట్టి అన్నలారా, ఆ సాకు కూడా లేదు మీకు.

అధ్యక్షురాలు గడియారం చూపిస్తోంది. సరే. ఆ అట్ట ఎక్కడిదాకా పోయింది? మూడో వరుసలోనే ఆగిందా? కొంగు కింద పెట్టుకున్నావెందుకమ్మా, దొంగసొమ్మా అది? తియ్యి. తెల్లవి ఎన్నున్నాయో పైకి లెక్కపెట్టి, వెనక నిలబడిన ఆ అన్న చేతికియ్యి.