అప్లికేషన్‌లో ఆటో ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం.

సోమవారం పొద్దున్నే శ్రీకాకుళం కలెక్టరాఫీసు వైపు వెళ్తే చేతుల్లో మడతపెట్టిన కాగితాలతో జనం కనబడతారు. గ్రీవెన్స్ రోజు. ఒకరికి పాస్‌బుక్కులో పేరు తప్పు పడింది, ఒకరికి పింఛను ఆగింది, ఇంకొకరి ఊరికి రోడ్డు లేదు. ఆ కాగితాలన్నీ ఇంచుమించు ఒకేలా మొదలవుతాయి: ‘అయ్యా, మేము నిరుపేదలం, తమరు దయతలచి...’ అర్జీ రాయడం మనకు తాతల నాటి నుంచి వచ్చిన విద్య. ఒకరు నేర్పక్కర్లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఏదైనా ఫౌండేషన్‌కు గ్రాంటు కోసం అప్లికేషన్ పెట్టేటప్పుడు కూడా మనం అదే విద్య చూపిస్తాం. నేనూ అదే చేశాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి, లెక్కలేనన్ని లోను అప్లికేషన్లు చదివి, కొన్నిటిని జాలి లేకుండా తిప్పి పంపినవాణ్ణి. రిటైరయ్యాక మా ఊరి సంఘం తరఫున రాసిన మొదటి అప్లికేషన్ తిరుగు టపాలో వచ్చేసింది.

ఆ కథ చెప్పే ముందు ఒక మాట. కమ్యూనిటీ ఫౌండేషన్ అంటే కొందరికి కొత్తగా ఉండొచ్చు. పెద్ద గుళ్లలో శాశ్వత పూజకో, శాశ్వత అన్నదానానికో డబ్బు కట్టేవాళ్లుంటారు. అసలు సొమ్ము కదపరు. దాని మీద వచ్చే వడ్డీతో ఏటా మీరు చెప్పిన తిథి నాడు పూజ జరిగిపోతుంది. ఇదీ దాదాపు అలాగే నడుస్తుంది. ఒక ప్రాంతం మీద మమకారం ఉన్నవాళ్లు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు వేసిన డబ్బు ఒకచోట చేరుతుంది. దాని రాబడిలోంచి ఆ ప్రాంతంలో పనిచేసే సంఘాలకు గ్రాంట్లు ఇస్తారు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే ఆయన మొదటిది పెట్టాడు. ఆయనా బ్యాంకు మనిషే, అందుకని నాకు కొంచెం అభిమానం. ఎప్పుడో పోయినవాళ్లు వీలునామాల్లో రాసిపోయిన షరతుల వల్ల డబ్బు ఎవరికీ పనికిరాకుండా పడుండడం చూసి, ఎప్పటి అవసరాన్ని బట్టి అప్పుడు ఖర్చు నిర్ణయించే స్థానిక కమిటీ ఉండాలన్నాడు.

మన విజయనగరంలో మాన్సాస్ ట్రస్టు ఉంది. 1958లో పి.వి.జి. రాజు గారు పెట్టారు. అది ఒక రాజవంశం ఆస్తితో ఏర్పడినది. కమ్యూనిటీ ఫౌండేషన్‌కు రాజు ఉండడు, పదిమంది చందాలుంటాయి. అందుకే అక్కడ ప్రశ్నలు ఎక్కువ. పదిమంది డబ్బుకు పదిమందికీ జవాబు చెప్పుకోవాలి కదా.

ఇక మా కథ. మాది ఉద్దానం, కవిటి మండలం. కొబ్బరి, జీడి తోటల నేల. ఇక్కడి కిడ్నీ జబ్బు గురించి మీరంతా వినే ఉంటారు. ఎందుకొస్తోందో ఇంతవరకూ గట్టిగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. సోంపేటలోనూ డయాలసిస్ చేస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. కానీ అక్కడిదాకా వెళ్లాలి కదా. వారానికి మూడుసార్లు. మిషను మీద నాలుగు గంటలు. దిగాక మనిషి పిండేసిన గుడ్డలా ఉంటాడు, బస్సులో నిలబడి రాలేడు. ఆటో మాట్లాడుకోవాల్సిందే.

రోగులకు ఆటోల ఏర్పాటు కోసం ఇలాంటి ఒక ఫౌండేషన్‌ను సాయం అడుగుదామని మా సంఘంలో అనుకున్నాం. రాసే పని నాకు పడింది. నేను రెచ్చిపోయాను. నాలుగు పేజీలు. ఉద్దానం చరిత్ర రాశాను, నీళ్ల గురించి రాశాను, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన కొబ్బరి చెట్ల గురించి కూడా రాశాను. కిడ్నీకీ కొబ్బరి చెట్టుకీ ఏం సంబంధం అని అప్పుడు తోచలేదు. చివర ‘కావున మా రోగుల రవాణా నిమిత్తం పది లక్షల రూపాయలు మంజూరు చేయగలరు’ అని ముగించాను. లోను అప్లికేషన్‌లో ఎవరైనా గుండుగుత్తగా పది లక్షలు అని రాస్తే నేను మొదట అడిగేది ‘ఏ లెక్కన?’ అని. ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు.

ఫౌండేషన్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదస్తురాలు. ‘సార్, మీ ఊరి బాధ అర్థమైంది. మీరేం చేస్తారో అర్థం కాలేదు’ అంది. పౌరుషం వచ్చి సాయంత్రం ఆ నాలుగు పేజీలూ మా వీధి అరుగు మీద గట్టిగా చదివాను. వరసకు అత్త అయ్యే ఒకావిడ, మొగుణ్ణి డయాలసిస్‌కు తీసుకెళ్లే మనిషి, చివరిదాకా విని, ‘ఏటల్లుడూ, మా ఏడుపంతా బాగానే రాసినావు. ఇందులో ఆటో ఏదీ?’ అంది.

ఆ ఒక్క మాటతో రెండో అప్లికేషన్ తయారైంది. మర్నాడు నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. మా ఊళ్లో, పక్క రెండు ఊళ్లలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు పన్నెండు మంది. మీ దగ్గర కాగితం, పెన్ను ఉంటే ఈ లెక్క రాసుకోండి, నెమ్మదిగా చెప్తాను. ఒక ఆటోలో ముగ్గురు రోగులు, తోడుగా ఒకరు. పన్నెండు మందికి విడతకు నాలుగు ఆటోలు. వారానికి మూడు విడతలంటే పన్నెండు ట్రిప్పులు. 52 వారాలకు 624 ట్రిప్పులు. రానూ పోనూ, మధ్యలో నాలుగు గంటలు ఆగడంతో కలిపి ట్రిప్పుకు 600 రూపాయలు. మొత్తం 3,74,400.

ఎవరి మటుకు వాళ్లు వెళ్తే మనిషికి 600. కలిసి వెళ్తే 200. ఈ ఒక్క వాక్యం నా నాలుగు పేజీల కన్నా ఎక్కువ పనిచేసింది. చదివేవాడికి సంఘం ఎందుకుండాలో అందులోనే తెలిసిపోతుంది.

మళ్లీ ఫోనొచ్చింది. ‘డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పింఛను వస్తోంది కదా సార్, అందులోంచి ఆటోకు పెట్టుకోలేరా?’ మా కోశాధికారికి కోపం వచ్చింది. నాకు రాలేదు. నేను ఆ సీట్లో ఉన్నా అదే అడిగేవాణ్ణి. మూడు కుటుంబాల నెల ఖర్చు రాసి పంపాం. మందులు, తిండి, తోడు వెళ్లేవాళ్లకు పోయే కూలి. జీడి పిక్కలు కొట్టడానికి వెళ్లే మనిషి మొగుడి పక్కన ఆసుపత్రిలో కూర్చుంటే వారానికి మూడు రోజుల కూలి పోయినట్టే. ప్రభుత్వం ఇస్తున్నది దాచిపెట్టి అడగకండి. ఎలాగూ తెలుస్తుంది. అది పోగా ఇంకా ఎక్కడ చాలడం లేదో చూపించండి.

మనవాళ్లలో ఇంకో అలవాటుంది. సేవ అనగానే ‘మాకేం వద్దండీ’ అని బడ్జెట్‌లో నిర్వహణ ఖర్చు దగ్గర సున్నా పెట్టేస్తారు. మంచితనమే, కానీ ఆరు నెలలయ్యేసరికి లెక్కలు రాసేవాళ్లుండరు, జిరాక్సుకు డబ్బులుండవు, ఆడిటరు ఫీజు సెక్రటరీ జేబులోంచి పోతుంది, ఇంట్లో గొడవవుతుంది. మేం దాచుకోకుండా రాశాం. లెక్కలు రాసే అమ్మాయికి నెలకు 1,500, ఏడాదికి 18,000. ఆడిట్‌కు 8,000. ఫోను, జిరాక్సు, పుస్తకాలకు 3,600. అన్నీ కలిపి 4,04,000. అందులో 54,000 మా ఊరివాళ్లు కొబ్బరి దింపుల సమయంలో వేసుకుంటామని తీర్మానం చేశాం. అడిగింది మూడున్నర లక్షలు. పది లక్షల దగ్గర మొదలైనవాళ్లం!

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను. సంఘం రిజిస్టరై ఉండాలి. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. సంఘం పేరు మీద పాన్ కార్డు, సంఘం పేరు మీదే బ్యాంకు ఖాతా. ప్రెసిడెంటు గారి సొంత ఖాతా పనికిరాదు, ఆయన ఎంత మంచివాడైనా సరే. ఇద్దరి సంతకాలతో నడిచేలా పెట్టుకోండి. నీతి ఆయోగ్ వాళ్ల దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే ఒక నంబరు ఇస్తారు, చాలాచోట్ల అడుగుతారు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర సంఘానికీ, దాతలకీ పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అని పిలిచేవి) ఉంటే మేలు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే అవీ ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారమూ వేయాలి. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలని, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని 2013 కంపెనీల చట్టంలో ఉంది. ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం చుట్టుపక్కల సంఘాలవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది.

మినిట్స్ పుస్తకం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మా పుస్తకంలో రెండేళ్ల మీటింగులు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే రోజు రాసినట్టు కనబడుతున్నాయి. అవును, ఒకే రోజు రాసినవే. తనిఖీకి వచ్చినాయన పేజీలు తిప్పి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు మాకు తల కొట్టేసినట్టయింది. మీటింగు జరిగిన రోజునే, ఆ టీ మరకలతో సహా, రాసుకోండి. కొట్టివేతలున్నా ఫర్వాలేదు.

విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్లు పంపే డబ్బు గురించి చాలామంది అడుగుతుంటారు. మనవాడు దుబాయిలోనో అమెరికాలోనో ఉన్నా, భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా, అప్పుడు మాత్రం విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, వర్తిస్తుంది. వాడు మన మేనల్లుడే అయినా సరే. ఆ అనుమతి లేకుండా ఆ డబ్బు ముట్టుకోకూడదు. 2020 సవరణ తర్వాత, విదేశీ విరాళం పుచ్చుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. కాబట్టి ఏదైనా ఫౌండేషన్ ‘ఈ నిధి మీకు ఇవ్వలేం’ అంటే అలగకండి, కారణం ఇదే కావచ్చు.

అప్లికేషన్ ఇంగ్లీషులో రాయాలని టెన్షన్ పడేవాళ్లకు ఒక సంగతి. పట్నం వెళ్లి, పేజీకి ఇంత అని ఇచ్చి రాయించుకున్న అప్లికేషన్లు తర్వాత ఒక ఎంపిక కమిటీలో కూర్చుని చదివాను. ఏ ఊరు పేరు తీసేసి ఏ ఊరు పేరు పెట్టినా సరిపోతాయి. వాటి మధ్య విజయనగరం జిల్లా నుంచి ఒక మహిళా సంఘం తెలుగులో, రూళ్ల కాగితం మీద రాసి పంపింది. బడి నుంచి వచ్చాక పిల్లలు చదువుకోవడానికి ఒక గది, దానికి రెండు ట్యూబులైట్లు, ఫ్యాను, రెండు చాపలు. గదికి వేసే తాళం ఖరీదు కూడా రాశారు. తాళం దాకా ఆలోచించినవాళ్లు ఆ గది తప్పక తెరుస్తారనిపించింది. ఇంగ్లీషు కావాలంటే తర్వాత ఎవరితోనైనా చేయించుకోవచ్చు. ముందు మీ భాషలో మీ లెక్క తేలాలి.

గ్రాంటు వచ్చాక అసలు పని మొదలైంది. ఆటోవాళ్లు బిల్లులివ్వరు కదా. మేమే ఓచర్లు అచ్చు వేయించాం. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం. ప్రతి ఆటోలో ఒక పొడుగు నోటు పుస్తకం తాడుతో కట్టాం. తేదీ, బయల్దేరిన టైము, ఎక్కినవాళ్ల సంతకం లేదా వేలిముద్ర. మొదటి వానాకాలం ఇంకు పెన్నుతో రాసినవన్నీ అలుక్కుపోయాయి. బాల్‌పెన్నుకు మారాం. పుస్తకానికి ప్లాస్టిక్ కవరు తొడిగాం.

ఆరు నెలలకు రిపోర్టు పంపాలి. అందులో ‘లబ్ధిదారుల సంఖ్య’ అని ఒక గడి ఉంది. అప్లికేషన్‌లో పన్నెండు అని రాశాం. నోటు పుస్తకంలో మూడో ఆటో పేజీలో ఒక మంగళవారం నుంచి ఒక వేలిముద్ర లేదు. మా అత్త మొగుడిది. పన్నెండే రాసేద్దాం, లేకపోతే డబ్బు తగ్గిస్తారేమో అన్నారు మావాళ్లు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పదకొండు అని రాసి, పక్కన తేదీ వేసి, ఒక సీటు మూడు వారాలు ఖాళీగా తిరిగిందని కూడా రాశాం. నాలుగో వారం నుంచి పక్క ఊరి కుర్రాడొకడు ఎక్కుతున్నాడు. అతని పేరుతో కొత్త పేజీకి గీతలు గీసింది మా అత్తే. లెక్కలు రాసే అమ్మాయికి పురుడొచ్చి పుట్టింటికి వెళ్తే, ఇప్పుడు ఆ పుస్తకాలు ఆవిడే చూస్తోంది.

సెలవు. నమస్కారం.