గవ్వలా కనిపించే ప్రతిదీ గవ్వ కాదు: రెండు నత్త ఫ్యామిలీల సంగతి

[స్క్రీన్ మీద రెండు గవ్వలు పక్కపక్కన, బాగా జూమ్]

నమస్తే అండి, హైదరాబాద్ నుంచి. స్క్రీన్ మీద ఎడమ దిక్కున్నది మనందరికీ తెలిసిన గవ్వ, లంబాడీ డ్రెస్సులకి కుడతరు, అష్టాచెమ్మా ఆడతరు, అదే. కుడి దిక్కుది వేలిగోరంత ఉంది, ఒంటినిండా సన్న గీతలు, చూస్తే గవ్వకి పిల్లేమో అనిపిస్తది గానీ అది పూర్తిగా పెరిగిన నత్త, పైగా వేరే ఫ్యామిలీ.

ఎడమది సిప్రియిడే, ఈ ఫ్యామిలీ పేరు రాఫినెస్క్ అనే శాస్త్రవేత్త 1815లో పెట్టిండు, రెండు వందలకు పైగానే జాతులున్నయ్ ఇందులో. కుడిది ట్రివియిడే, 1863లో ట్రోషెల్ అనే ఇంకో శాస్త్రవేత్త పెట్టిన పేరు. రెండూ మొలస్కాలే, అంటే మెత్తటి ఒంటి జీవులు, రెండూ గ్యాస్ట్రోపోడాలే, అంటే నత్తల గుంపు, ఆర్డర్, అంటే ఫ్యామిలీ కంటే పెద్ద గుంపు, అది కూడా లిట్టోరినిమార్ఫానే, ఆ తర్వాతే దారులు వేరైతయ్.

[బతికున్న గవ్వ వీడియో]

ఇది చూడండి, నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. గవ్వ కింద సన్న చీలిక ఉంటది కదా, దాంట్లోంచి మాంటిల్ అనే మెత్తటి చర్మం రెండు పక్కలా బయటికొచ్చి పెంకు మొత్తాన్ని కప్పేస్తది, ఆ మాంటిలే పెంకు మీద పొర మీద పొర వేస్తది, అందుకే గవ్వకి ఆ నునుపు, ఆ మెరుపు. చిన్నప్పుడు దీని పెంకు మామూలు నత్త లెక్కనే చుట్టలు చుట్టుకొని పల్చగా ఉంటది, పెద్దయ్యాక అంచు లోపలికి మడుచుకొని పళ్లు వస్తయ్, ఇక పొడవు పెరగదు, మందం మాత్రం పెరుగుతది.

కుడి దిక్కున చూసిన ట్రివియా కూడా పెంకుని మాంటిల్‌తోనే కప్పుకుంటది, అందుకే రెండూ చుట్టాలే అనిపిస్తది. కానీ దాని తిండి వేరు, రాళ్లకి అంటుకొని బతికే అసిడియన్లు అనే సంచిలాంటి సముద్ర జీవులని తింటది, వాటి ఒంట్లోనే గుడ్లు పెడతది, పుట్టిన లార్వాకి, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్లకి, రెండు పొరల పెంకు ఉంటది, దాన్ని ఎకినోస్పైరా అంటరు. సిప్రియిడే లార్వాకి అది లేదు, తల్లి గవ్వ గుడ్ల మీదే కూర్చొని కాపాడుతది. అందుకే ట్రివియాని వెలుటినాయిడియా అనే సూపర్ ఫ్యామిలీలో, అంటే కొన్ని ఫ్యామిలీలు కలిపిన గుంపులో, పెట్టిన్రు. నా లెక్కన వర్గీకరణ చేయాల్సింది ఇట్లనే, పెంకు ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తది.

పేర్ల సంగతి కూడా చెప్పాలె. మాల్దీవుల నుంచి ఓడల్లో బెంగాల్‌కి తెచ్చి డబ్బులా వాడిన గవ్వకి స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో సిప్రియా మొనేటా అని పెట్టిండు, ఇప్పుడు అది మొనెటేరియా మొనేటా. ఒకప్పుడు గవ్వలన్నీ సిప్రియాలే, ఇప్పుడు ఆ జీనస్‌లో, అంటే దగ్గరి జాతుల గుంపులో, టైగ్రిస్, పాంథెరినా అనే రెండు జాతులే మిగిలినయ్.

[టైగ్రిస్ గవ్వ, మచ్చలు కనబడేలా]

ఇంత పెద్ద టైగ్రిస్‌ని షోపీస్‌గా అమ్ముతుంటరు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన గవ్వ ఎండకీ ఇసుకకీ మెరుపు పోగొట్టుకుంటది, అద్దంలా మెరిసేది చాలావరకు ప్రాణంతో ఉన్నప్పుడు పట్టిందే. దయచేసి కొత్తవి కొనకండి, ఇంట్లో పాతవుంటే వాటినే తిప్పి తిప్పి చూడండి.