వద్దన్నది ఎవరు?

అందరికీ నమస్కారం. పరిచయంలో నా గురించి చాలానే చెప్పారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. సర్వర్ తిప్పికొట్టిన రిక్వెస్టుల్లో తప్పు ఎలా పట్టుకోవాలో చెప్పమన్నారు. స్టేటస్ కోడ్‌లు, అంటే సర్వర్ జవాబుతో పంపే 400, 503 లాంటి నంబర్లు, వరసగా వివరించాలని స్లైడ్లు చేసుకొచ్చాను. కానీ ముందు ఒక సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం మా అప్లికేషన్ వాడే ఒకావిడ, లాగిన్ అవగానే 400, అంటే ‘రిక్వెస్ట్ సరిగ్గా లేదు’ అని, వస్తోందని ఫిర్యాదు చేశారు. మిగతా అందరికీ బాగానే ఉంది. అప్లికేషన్ లాగ్ తెరిచాం. ఆవిడ రిక్వెస్ట్ ఒక్కటీ లేదు. “మా వైపు అంతా సరిగ్గానే ఉంది, మీ ఇంటర్నెట్ చూసుకోండి” అని జవాబు రాశాం. రాసింది నేనే. మూడు రోజులు ఆవిడ పని ఆగిపోయింది. నాలుగో రోజు, ప్రైవేట్ విండోలో తెరిస్తే పనిచేస్తోందని ఆవిడే చెప్పారు.

కుకీలు! సైట్ బ్రౌజర్‌లో దాచే చిన్న చిన్న సమాచారం. ప్రైవేట్ విండోలో పాతవి ఉండవు. ఆవిడ ఏ పేజీ తెరిచినా మా కోడ్ ఇంకో కుకీ చేరుస్తూ పోయింది. అవన్నీ కలిసి రిక్వెస్ట్ పైభాగంలో ఒకే వరసగా, అంటే ఒకే హెడర్‌గా వెళ్తాయి. మా అప్లికేషన్ ముందుండి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌లో డిఫాల్ట్‌గా ఒక్కో హెడర్‌కు 8 కిలోబైట్లే పరిమితి. అది దాటగానే 400 ఇచ్చి అక్కడే ఆపేసింది. రిక్వెస్ట్ అప్లికేషన్ దాకా రానే లేదు. గుమ్మం దాటి రాని మనిషి కోసం ఇల్లంతా వెతికి, అసలు ఎవరూ రాలేదని చెప్పాం.

అందుకే స్లైడ్లు పక్కన పెడుతున్నాను. కోడ్ అర్థం తర్వాత చూద్దాం, ముందు వద్దన్నది ఎవరో తేల్చండి. రిక్వెస్ట్ దారిలో ఇంతమంది ఉంటారు: పేజీలను దగ్గరి సర్వర్ల నుంచి అందించే సీడీఎన్, అనుమానం వస్తే అడ్డుకునే ఫైర్‌వాల్, సర్వర్లకు పని పంచే లోడ్ బ్యాలెన్సర్, ఎంజిన్‌ఎక్స్, మన కోడ్‌కు ఆధారమైన ఫ్రేమ్‌వర్క్, చివరికి మన కోడ్. వీళ్లలో ఎవరైనా కాదనొచ్చు. సర్వర్‌లోకి వెళ్లి అదే రిక్వెస్ట్‌ను, కమాండ్ లైన్ నుంచి రిక్వెస్టులు పంపే కర్ల్‌తో నేరుగా అప్లికేషన్ పోర్టుకు పంపండి. అక్కడ పనిచేస్తే ఆపినవాళ్లు ముందున్నారు.

ఫైల్ అప్‌లోడ్ చేస్తే 413, అంటే ‘మరీ పెద్దది’ అని, వస్తోందా? ఎంజిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా 1 మెగాబైట్ వరకే ఒప్పుకుంటుంది. సర్వర్ పడిపోయిందని 503 చూసి టెన్షన్ పడుతున్నారా? అదే ఎంజిన్‌ఎక్స్‌లో రేట్ లిమిట్, అంటే ఇంత సమయంలో ఇన్నే రిక్వెస్టులు అన్న హద్దు, పెట్టి స్టేటస్ మార్చకపోతే, ‘మరీ ఎక్కువ రిక్వెస్టులు’ అనే 429 రావాల్సిన చోట 503 ఇస్తుంది.

ఇక కార్స్ ఎర్రర్. ఒక సైట్ పేజీకి ఇంకో సైట్ జవాబు చదివే అనుమతి లేదని బ్రౌజర్ ఆపేయడం. బ్రౌజర్ కన్సోల్‌లో ఇది చూసి తల పట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ! “కర్ల్‌లో పనిచేస్తోందిగా” అంటారు. కర్ల్ కార్స్‌ను పట్టించుకోదు, అది బ్రౌజర్ చేసే తనిఖీ. హెడర్‌లో టోకెన్, అంటే లాగిన్ అయినట్టు చూపే గుర్తు, పెట్టి పంపే రిక్వెస్ట్ అయితే, దానికి ముందు బ్రౌజర్ అనుమతి అడుగుతూ ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపుతుంది, అందులో టోకెన్ ఉండదు. మన ఆథెంటికేషన్ కోడ్ దాన్ని కూడా టోకెన్ అడిగి, ‘మీరెవరో తెలియదు’ అనే 401 ఇచ్చేస్తుంది. ఇంకో చిక్కుంది. ఎంజిన్‌ఎక్స్‌లో కార్స్ అనుమతి హెడర్‌ను చేర్చే యాడ్ హెడర్ లైనుకు చివర ‘ఆల్వేస్’ పెట్టకపోతే ఎర్రర్ జవాబులకు ఆ హెడర్ చేరదు. వచ్చింది 413 అయినా మీకు కనిపించేది కార్స్. రెండు రోజులు కార్స్ సెట్టింగులు తిరగేసినవాళ్లు నాకు తెలుసు.

మళ్లీ ఆవిడ దగ్గరికే వస్తున్నాను, క్షమించండి. మీ అందరినీ ఒక్కటి అడుగుతున్నాను. ప్రతి ఎర్రర్ పేజీలో రిక్వెస్ట్ ఐడీ చూపించండి, అదే ఐడీని అన్ని లాగ్‌లలోనూ రాయించండి. వాడేవాళ్లు ఆ నంబరు చెబితే చాలు, ఎవరు ఆపారో నిమిషాల్లో దొరుకుతుంది. ఇంటర్నెట్ చూసుకోండని ఎవరికీ రాయాల్సిన పనిలేదు.

తర్వాత ఆవిడకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. “నేను అన్నిసార్లు ప్రయత్నించాను కదా, మీకు ఎక్కడా కనిపించలేదా?” అని అడిగారు. ఎంజిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో ఉన్నాయి. మూడు రోజులవీ, వరసగా, ఒక్కో లైనులో 400. ఆ ఫైల్ మేం తెరవలేదు.

ఇక ప్రశ్నలు అడగండి.