"నాకు పడదు" అంటే ఏ పడదు? ఫుడ్ అలర్జీ, పథ్యం, నియమం

[దృశ్యం: పెళ్లి భోజనాలు. అరిటాకు మీద పులిహోర. ఒక చెయ్యి అందులోని పల్లీలను ఒక్కొక్కటే ఏరి ఆకు అంచున పెడుతోంది.]

వాయిస్: కొన్నేళ్ల కిందట మా ఇంటి పెళ్లిలో జరిగింది ఇది. ఆ చెయ్యి మా పెద్దమ్మది. ఆకు ముందు కూర్చున్నది మా అక్క కొడుకు, అప్పుడు వాడికి ఆరేళ్లు. వాడికి పల్లీలు పడవని అక్క ముందే చెప్పింది. పెద్దమ్మ ఓపిగ్గా గింజలన్నీ ఏరేసి, "ఒక్కటి కూడా లేదు, తిను నాన్నా" అంది. రెండు ముద్దలు తిన్నాడో లేదో పెదవులు ఉబ్బాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి. కాసేపటికి ఆగకుండా దగ్గు. ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంది కాబట్టి బయటపడ్డాం.

[దృశ్యం: ప్రెజెంటర్, వంటింట్లో నిలబడి.]

నమస్కారమండీ. పెద్దమ్మ ప్రేమలో లోపమేమీ లేదు. చిక్కంతా మనం వాడే మాటలో ఉంది. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్లూ "పడదు" అంటారు, రొయ్య ముక్క తింటే ఊపిరాడనివాళ్లూ "పడదు" అంటారు. వినేవాళ్లకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. "ఒక్క ముద్దకు ఏం కాదులే" అని వడ్డించేస్తాం.

మొదట అసలైన అలర్జీ సంగతి చూద్దాం.

[యానిమేషన్: ఒక కణం చుట్టూ అతుక్కున్న యాంటీబాడీలు. పల్లీ ప్రొటీన్ తగలగానే కణం పగిలినట్టై రసాయనాలు బయటికి చిమ్ముతాయి.]

మన రోగ నిరోధక వ్యవస్థ ఒక్కోసారి పల్లీలోనో, గుడ్డులోనో ఉండే ప్రొటీన్‌ను శత్రువనుకుంటుంది. దాని కోసం ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్లీ ఆ ప్రొటీన్ లోపలికి వెళ్లగానే కణాల్లోంచి హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. దద్దుర్లు, వాపు, వాంతులు, ఆయాసం అన్నీ వాటి పనే. ఇదంతా సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపే మొదలవుతుంది. కొందరికి చాలా కొద్ది మోతాదు చాలు.

ఇప్పుడు పులిహోర దగ్గరికి వద్దాం. గింజలు ఏరేశారు, నిజమే. కానీ పల్లీలు వేగింది పోపు నూనెలో. ఆ నూనె అన్నం మెతుకు మెతుక్కీ పట్టింది. నూనె అన్నాను కాబట్టి ఇంకో మాట. బాగా రిఫైన్ చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు. ఈమధ్య అందరం ఇష్టంగా కొంటున్న గానుగ నూనెలో మాత్రం ఉంటుంది. పల్లీ అలర్జీ ఉన్న పిల్లలున్న ఇంట్లో ఇది తెలిసి తీరాలి.

రొయ్యల విషయంలో "బాగా ఉడికింది కదా" అనే మాట ఎక్కువగా వింటాం. రొయ్యల్లో అలర్జీ తెచ్చే ముఖ్యమైన ప్రొటీన్ పేరు ట్రోపోమయోసిన్. అది వేడికి లొంగదు. రొయ్యల వేపుడు తీసిన నూనెలో బంగాళాదుంప వేయించినా ప్రమాదమే. కోస్తా ఇళ్లలో గోంగూరలో, సొరకాయలో నాలుగు ఎండు రొయ్యలు వేస్తారు చూడండి, అతిథి కంటికి అది మామూలు కూరగాయ కూరలాగే ఉంటుంది.

[దృశ్యం: బల్ల మీద పాల గ్లాసు, పెరుగు గిన్నె, నెయ్యి సీసా.]

రెండో రకం పడకపోవడం అరుగుదలకు సంబంధించింది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగాలంటే లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. పెద్దయ్యాక చాలామందిలో అది తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులో పులిసి గ్యాస్, విరేచనాలు అవుతాయి. ఇబ్బందే కానీ ప్రాణం మీదికి రాదు. వీళ్లలో చాలామందికి పెరుగు సరిపడుతుంది, ఎందుకంటే తోడులోని బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత ముందే తినేస్తుంది. నెయ్యిలో లాక్టోజ్ ఉండీ లేనట్టే.

అదే పాల ప్రొటీన్‌కు అలర్జీ ఉన్న పిల్లాడికైతే పెరుగూ వద్దు, నెయ్యి చుక్కా వద్దు. మీ బాబాయికి పెరుగు పడుతోంది కదా అని ఆ పిల్లాడికి పెట్టకండి.

మూడోది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు, అందుకే నమ్మరు. అన్నం, జొన్నలు, రాగులు, కొర్రలు ఉన్న మన వంట వీళ్లకు హాయి అనుకుంటాం. కానీ ఇంగువ డబ్బా తిప్పి చదవండి.

[క్లోజప్: డబ్బా వెనక వైపు. పదార్థాల జాబితాలో "గోధుమ పిండి" మీద వేలు ఆగుతుంది.]

మార్కెట్లో దొరికే చాలా ఇంగువల్లో గోధుమ పిండి గానీ మైదా గానీ కలుపుతారు. అంటే సాంబారు, పప్పుచారు, పులిహోర అన్నీ అనుమానించాల్సినవే. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, అడిగి తీసుకోండి.

ఇక వంకాయ. దానిలో సహజంగానే హిస్టమిన్ ఉంటుంది. తింటే నోరు దురద పెట్టిన ప్రతివాళ్లకూ అలర్జీ ఉన్నట్టు కాదు. డాక్టరే తేల్చాలి.

పథ్యం, నియమం వేరు సంగతులు. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసినవాళ్లు, దుంపలు తినని జైనులు, హలాల్ మాంసమే తినేవాళ్లు, పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినని వీగన్లు, వీళ్లకు ఒళ్లు ఏమీ కాకపోవచ్చు. అయినా తెలియకుండా పెట్టడం వాళ్ల నమ్మకాన్ని దెబ్బతీయడమే. అడిగితే దాచకుండా చెప్పండి.

[దృశ్యం: బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క.]

ఈ చుక్క చూసి కొనేస్తాం. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది. అలర్జీ సమాచారం పదార్థాల జాబితా దగ్గర చూడాలి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నియమాల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య పీత జాతి, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటి పప్పులు, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు ఉంటే ప్యాకెట్ మీద చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా తప్పనిసరిగా రాయాలి. యూరప్‌లో నువ్వులతో పాటు ఆవాలూ రాయాలి. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఆవకాయ పంపిస్తుంటాం కదా, అందులో ఆవపిండీ నువ్వుల నూనే ప్రధానం. వాళ్లు దాన్ని ఆఫీసులో నలుగురికీ పంచేముందు ఆ సంగతి చెప్పాలి.

పసిపిల్లల తల్లులు అడిగేది ఒకటుంది. భయపడి పల్లీలు ఆలస్యంగా పెట్టడం మంచిదా? బ్రిటన్‌లో జరిగి 2015లో వెలువడిన లీప్ అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుంటే, తొలి ఏడాదిలోనే పల్లీ తినడం మొదలుపెట్టినవాళ్లలో, పల్లీ పెట్టనివాళ్లతో పోలిస్తే, అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. మీ బిడ్డకు తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉంటే ముందు పిల్లల డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. గింజలుగా మాత్రం పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి ఉగ్గులో కలపండి.

[తెర మీద పెద్ద అక్షరాల్లో: 108]

ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఆలోచించొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. దీనికి మొదటి మందు తొడ బయటి వైపు కండలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సిట్రిజిన్ మాత్ర వేసి "చూద్దాం" అని కూర్చుంటే సమయం పోతుంది. ఆ మాత్ర దురద తగ్గిస్తుందంతే, మూసుకుపోతున్న గొంతును తెరవదు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. నడిపించొద్దు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు, కాబట్టి డాక్టర్ పంపేదాకా ఆసుపత్రిలోనే ఉండండి.

టెస్టుల గురించి ఒక్క మాట. "రెండొందల పదార్థాలకు ఒకే రక్త పరీక్ష" అని ఐజీజీ టెస్టులు అమ్ముతుంటారు. ఇందాక చెప్పిన ఐజీఈ కాదు, ఐజీజీ వేరే రకం యాంటీబాడీ. వాటితో అలర్జీ తేలదు. ఆ కాగితం చూసి పిల్లలకు పాలు, గుడ్లు, గోధుమ అన్నీ మాన్పించకండి, ఎదుగుదల దెబ్బతింటుంది.

[దృశ్యం: వంటింటి పొయ్యి మీద రెండు మూకుళ్లు.]

ఇప్పుడు మా పెద్దమ్మ ఇంటికి ఎవరొచ్చి "నాకు పడదు" అన్నా, "తింటే ఏమవుతుందమ్మా?" అని అడుగుతుంది. మొన్న సంక్రాంతికి పులిహోర పోపు రెండు మూకుళ్లలో పెట్టింది. పల్లీలు లేనిది ముందు కలిపి, మూత పెట్టి పక్కన ఉంచింది. ఎవరూ పొరపాటున వేరే గరిట పెట్టకుండా, ఆ గిన్నె గరిటకు ఎర్ర దారం కట్టింది.